రాజావర్తం : రాయిని ఎంచుకోవడం, వెండిలో పొదగడం

సావనీరుకు ఏదైనా వ్రాయమని అడగటానికి విద్యార్థి సంఘం వారు వచ్చినపుడు, "మాష్టారూ, ఈసారి భూగర్భశాస్త్రం పాఠం కాకుండా పనికొచ్చేది వ్రాయండి" అని ఒక షరతు కూడా పెట్టారు. పాఠం పనికిరానిదని వాళ్ళ అభిప్రాయం కాబోలు! నేను పుట్టింది కంసాలి ఇంట్లో, ఉద్యోగం చేస్తున్నది రాళ్ళ శాస్త్రంలో. ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. రాయిని లోహంలో పొదగడం. అందులోనూ ఒక రాయితో నాకు మంచికీ చెడ్డకీ కూడా బాగా పరిచయం. దానిని గురించే వ్రాస్తున్నాను. మధ్యలో పాఠం దొర్లితే మన్నించాలి.

ఆ రాయి పేరు లాపిస్ లాజులీ. మన రసశాస్త్ర గ్రంథాలలో రాజావర్తం, పారశీకంలో లాజ్వర్ద్. నవరత్నాలలో దీనికి చోటు లేదు. అక్కడున్న నీలం వేరు, అది కురువిందం జాతి. నీలం కొనే స్తోమతు లేనివారికి దీనిని ఉపరత్నంగా చెప్పే జ్యోతిష్కులున్నారు. మన ఊళ్ళలో ఈ రాయిని వెతుక్కుంటూ వచ్చేవారిలో చాలామంది శనిదేవుడు పంపగా వచ్చినవారే. గ్రహాల సంగతి నాకు విడిచిపెట్టండి, రాయి సంగతి మాత్రం చెప్తాను.

మొట్టమొదట తెలుసుకోవలసినది, ఇది ఒక ఖనిజం కాదు, శిల. అనగా కొన్ని ఖనిజాల కలగలుపు. నీలిరంగు నిచ్చేది లాజురైట్. తెల్లటి మచ్చలు, చారలు కాల్సైట్. బంగారు నలకల్లా మెరిసేవి పైరైట్, అంటే ఇనుము, గంధకము కలిసిన ఖనిజం. చూసినవాళ్ళు "ఇందులో బంగారముందండీ" అని మురిసిపోతారు కాని అది బంగారం కాదు. లాజురైట్‌లో అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు పంజరంలాగా అల్లుకొని ఉంటాయి. ఆ పంజరంలో మూడేసి గంధక పరమాణువులు ఒక గుంపుగా, ఒక ఋణ విద్యుదావేశంతో చిక్కుకొని ఉంటాయి. కాంతిలోని పసుపు, నారింజ వన్నెలను మింగి మనకు నీలాన్ని మిగిల్చేవి అవే. తెల్లబట్టలకు పెట్టే నీలిపొడి ఈ వస్తువుకు తోబుట్టువే. 1820ల చివర ఫ్రాన్సులో గిమే, జర్మనీలో గ్మెలిన్ ఈ రంగును కొలిమిలో తయారుచేసే పద్ధతి కనిపెట్టేదాకా ఐరోపా చిత్రకారులు ఈ రాయినే నూరి ఆ రంగు తీసుకొనేవారు. ఈ గంధకం మాట గుర్తుంచుకోండి, ముందు ముందు దానితో పని ఉంది.

ఈ రాయి పుట్టినిల్లు అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్. అక్కడ కోక్చా నది లోయలో సర్-ఎ-సంగ్ అనే చోట ఆరు వేల ఏళ్ళకు పైగా తవ్వుతున్నారు. 1920లలో లియొనార్డ్ వూలీ ఇరాక్‌లోని ఊర్ రాజసమాధులలో వెలికితీసిన నగలలో ఉన్నదీ, ఈజిప్టు టుటంఖామన్ బంగారు ముఖానికి కనుబొమ్మలుగా అమర్చినదీ ఈ రాయే. సింధు నాగరికత వారు తమ నగరాలను దాటి అంత దూరాన, ఉత్తర అఫ్గానిస్తాన్‌లో షోర్తుగాయ్ దగ్గర ఒక స్థావరం పెట్టుకొన్నది ఈ రాయి కోసమేనని పలువురు పండితుల ఊహ. చిలీలోనూ, రష్యాలో బైకాల్ సరస్సు ప్రాంతంలోనూ కూడా ఇది దొరుకుతుంది గాని, చిలీ రాయిలో తెలుపు పాలు ఎక్కువ. ఇంకొక మాట కూడా చెప్పాలి. బదక్షాన్ గనుల సొమ్ము సాయుధ ముఠాల చేతికి పోతున్నదని 2016లో గ్లోబల్ విట్నెస్ అనే సంస్థ పెద్ద నివేదిక ప్రచురించింది. మన అరచేతిలోకి వచ్చేసరికి రాయి నున్నగానే ఉంటుంది, దాని వెనుక ప్రయాణం అంత నున్నన కాదు.

మనకు దొరికేది ఎక్కువగా జైపూర్‌లో సానపట్టి పంపినది. ఈ రాయిలోంచి వెలుతురు పోదు, కాబట్టి దీనికి వజ్రంలా పలకలు తీసి లాభం లేదు. పైన బోర్లించిన గిన్నెలాగా గుండ్రన, కింద చదునుగా సానపడతారు. దానినే కాబొషాన్ అంటారు. ఫ్రెంచి మాట, తలకాయ అని అర్థమున్న మాటలోంచి పుట్టినది. సాధారణంగా కోలగా 14కి 10, 18కి 13, 25కి 18 మిల్లీమీటర్లు, ఇలా కొన్ని అచ్చు కొలతలలో వస్తాయి.

ఇక ఎంపిక. కొత్తవారు చేసే పొరపాటు, రాయి పైభాగాన్ని చూసి కొనడం. పైభాగాన్ని అమ్మేవాడు ఎలాగూ మీకు చూపిస్తాడు. మీరు తిరగేసి కింది భాగం చూడాలి. వెనుకవైపు మెరుగు పెట్టి ఉండరు కనుక రాయి అసలు రూపం అక్కడ తెలుస్తుంది. నెర్రెలు, కాల్సైట్ చారలు, జిగురుతో నింపిన గుంటలు అన్నీ అక్కడే. వెనుక నల్లరంగు పూసి ఉంటే నేనైతే ఆ రాయిని అక్కడే పెట్టేసి వస్తాను. తడిపి చూపించిన రాయిని కూడా నమ్మకండి. నీళ్ళో నూనో రాస్తే పాలిపోయిన రాయికి కూడా ఒక పావుగంటసేపు నిండురంగు వస్తుంది. గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పగటి వెలుగులో, కిటికీ దగ్గర నిలబడి చూడాలి. దుకాణంలో దీపాలు రాయి కోసం పెట్టినవి గాని మీ కోసం పెట్టినవి కావు.

రంగు నిండుగా, ఎక్కడ చూసినా ఒకేలా, ఊదా ఛాయ కొంచెం తగిలినట్టుంటే మేలు. పైరైట్ నలకలు పలుచగా చల్లినట్టుంటే అందమే, అసలు లేకపోయినా లోపం కాదు. గుత్తులు గుత్తులుగా ఉంటే మాత్రం రాయి పచ్చబారినట్టు కనిపిస్తుంది. పైగా అంచు దగ్గర పెద్ద నలక ఉంటే, వెండిని రాయి మీదికి వంచేటప్పుడు అక్కడే పెచ్చు లేస్తుంది.

ఆకారం విషయంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. రాయిని అద్దం ముక్క మీద పెట్టి వేలితో నొక్కండి. ఊయలలా ఊగితే అడుగు చదునుగా లేదన్నమాట, అలాటిది గూట్లో కుదురుకోదు. తరువాత ప్రక్కనుంచి చూడండి. అడుగు నుంచి పైకి పోయేకొద్దీ రాయి లోపలికి వాలాలి. పైన వెడల్పై కింద సన్నబడితే వెండి అంచు ఎంత నొక్కినా పట్టుకోవడానికి వాలు దొరకదు. అంచు కాగితంలా పలుచగా ఉన్నా చిక్కే, నొక్కినప్పుడు విరుగుతుంది. అడుగు అంచును కొద్దిగా, గోరు గీసినంత, ఏటవాలుగా అరగదీసి ఉంటే ఆ సానపట్టినవాడు పొదిగే పని కూడా ఎరిగినవాడని అర్థం. ఎందుకో తరువాత చెప్తాను.

నకిలీల గొడవ లేకుండా రాళ్ళ వ్యాసం పూర్తి కాదు. హౌలైట్ అనే తెల్లరాయికి రంగువేసి, జాస్పర్‌కు రంగువేసి, గాజుతో, ప్లాస్టిక్‌తో, ఎన్ని రకాలుగానో చేస్తారు. గోళ్ళ రంగు తుడిచే అసిటోన్‌లో దూది ముంచి రాయి వెనుకవైపు రుద్దండి. దూది నీలమైతే రంగు వేశారన్నమాట. అయితే ఇక్కడ తొందరపడకూడదు. తెలుపు ఎక్కువున్న అసలు రాజావర్తానికి కూడా రంగు పట్టించి అమ్ముతారు. కనుక దూది చెప్పేది "రంగు వేశారు" అని మాత్రమే, "రాయి అబద్ధం" అని కాదు. రెండవ పరీక్ష మన ప్రయోగశాలలో రెండవ ఏడు పిల్లలు చేసేదే. రాయిని గాలిలో ఒకసారి, నీళ్ళలో వేలాడదీసి ఒకసారి తూచాలి. గాలిలో 1.96 గ్రాములు, నీళ్ళలో 1.26 వచ్చిందనుకోండి, తేడా 0.70. దానితో 1.96ను భాగిస్తే 2.80. రాజావర్తం సాంద్రత సుమారు 2.7 నుంచి 2.9 వరకు ఉంటుంది. దీనికి కవల అనిపించే సోడలైట్‌కు 2.3 దాటడం అరుదు. మెరుగులేని పింగాణీ పలక మీద గీస్తే సోడలైట్ తెల్లగా గీస్తుంది, రాజావర్తం లేతనీలంగా గీస్తుంది. ఐతే ఈ గీత పరీక్ష ముడిరాయితో చేయండి, సానపట్టినదానితో వద్దు. ఏ దుకాణదారుడూ ఊరుకోడు కూడా.

సరే, మంచి రాయి దొరికింది. ఇప్పుడు పొదుగు. మా నాన్న పని చేసేటప్పుడు కుంపటి, ఊదుగొట్టం, పట్టుకారు, ఆకురాళ్ళు, వెలిగారం, ఇంతే సరంజామా. ఇప్పుడు కుంపటికి బదులు గ్యాసు మంట వచ్చింది గాని తక్కినదంతా అదే. ఈ రాయికి నేను ఎప్పుడూ వెండే వాడతాను. నీలానికి తెలుపు నప్పుతుంది, అదీగాక లెక్చరరు జీతానికి కూడా నప్పుతుంది.

కావలసినవి రెండు. రాయి కూర్చునే అడుగు రేకు, రాయి చుట్టూ నిలబెట్టే పలుచని వెండి పట్టీ. ఈ పట్టీని ఇంగ్లీషులో బెజెల్ అంటారు, నేను గోడ అంటాను. గోడకు కల్తీలేని మెత్తని వెండి మంచిది, 0.3 మిల్లీమీటరు మందం చాలు. రాగి కలిసిన 925 వెండి గట్టిగా ఉండి వంగడానికి మొరాయిస్తుంది, అది అడుగుకు సరిపోతుంది. గోడ పొడవెంత? 18కి 13 రాయి తీసుకుందాం. పొడవు వెడల్పు కూడితే 31. దానిని 3.14తో హెచ్చవేసి రెండుతో భాగిస్తే 48.7. రేకు మందాన్ని, అంటే 0.3ను, 3.14తో హెచ్చవేస్తే 0.9. రెండూ కలిపి 49.6 మిల్లీమీటర్లు. లెక్క ఇంత, కాని రాయి చుట్టూ కాగితం చుట్టి ఒకసారి సరిచూసుకొని గాని కత్తిరించకండి. కొంచెం ఎక్కువ ఉంటే ఆకురాయితో తీయవచ్చు. తక్కువైతే సాగదీయడం కష్టం.

ఎత్తు విషయంలో లెక్క లేదు, కన్నే కొలత. రాయి ప్రక్కభాగం నిటారుగా లేచి, ఎక్కడ లోపలికి వంగడం మొదలుపెడుతుందో దానికి కొంచెం పైదాకా గోడ రావాలి. అయిదున్నర మిల్లీమీటర్ల రాయికి రెండున్నర, మూడు చాలును. ఇంకా ఎత్తు పెడితే పట్టు పెరుగుతుందనుకోవడం భ్రమ. రాయి కనపడదు, వంచేటప్పుడు ముడతలు పడుతుంది.

గోడ రెండు కొసలూ వెలుతురు పోనంత దగ్గరగా కలిపి, వెలిగారం పెట్టి, గట్టి టంకంతో అతకాలి. తరువాత దానిని అడుగు రేకు మీద నిలిపి, అంతకంటె తక్కువ వేడికి కరిగే టంకంతో చుట్టూ అతకాలి. మంట టంకం మీద కాదు, లోహమంతటి మీదా ఆడించాలి. లోహం వేడెక్కితే టంకం దానంతటదే పరుగెత్తుతుంది. ఈ రెండో అతుకులో గోడకూ అడుగుకూ మధ్య మూలలో కొంచెం టంకం పేరుకొంటుంది. అడుగు అంచు అరగదీయని రాయి ఆ గట్టు మీద కూర్చొని ఊగుతుంది. ఇందాక గోరుగీత ఏటవాలు గురించి చెప్పింది ఇందుకే.

ఆపైన ఉంగరం చుట్టు గాని, పతకమైతే గొలుసు దూర్చే కొక్కెం గాని అతకాలి. పలుచని గంధకామ్లంలో ముంచి నలుపు తీయాలి (నాన్న చింతపండు రసంలో మరిగించేవారు). కడగాలి, ఆకురాయి పట్టాలి, మెరుగు పెట్టాలి. ఇదంతా అయ్యేదాకా రాయి పొట్లంలోనే ఉండాలి. నిప్పుతో, ఆమ్లంతో పని ఉన్నంతసేపు ఈ రాయి బల్ల మీద కూడా ఉండకూడదు. వజ్రాన్నో కెంపునో బిగించి ఉండగానే మరమ్మతు చేసే పనివాళ్ళుంటారు. ఇది ఆ జాతి కాదు. దీని గట్టిదనం మోస్ కొలత మీద 5, 5.5 మధ్య. పైగా మూడు నాలుగు ఖనిజాల కాపురం, వేడెక్కితే ఒక్కొక్కటీ ఒక్కొక్క విధంగా సాగుతుంది.

ఇది నాకు తెలియదా? ప్రతి ఏడూ క్లాసులో చెప్పేదే. అయినా తప్పు చేశాను. మా నాన్న పనిముట్ల పెట్టెలో ఒకే ఒక రాజావర్తం ఉండేది, 18కి 13ది. ఆయన దగ్గరకు ఈ రాయి అడిగినవారెవరూ రాలేదు, అదలాగే ఉండిపోయింది. ఆయన పోయిన తరువాత అక్క దానిని తీసి నా చేతిలో పెట్టి, "దీనికి నువ్వే ఉంగరం చెయ్యాలిరా" అన్నది. చేశాను. ఏడాదిన్నర తరువాత వేళ్ళు వాచి ఉంగరం బిగుతైందని తీసుకొచ్చింది. సాయంత్రం బండికి ఆమె వెళ్ళాలి. రాయి ఊడదీసి మళ్ళీ పొదిగే వ్యవధి లేదనుకొన్నాను. రాయికి తడిగుడ్డ చుట్టి, చుట్టును కింద కోసి, చిన్న ముక్క చేర్చి, మంట పెట్టాను. లోహాలన్నిటిలోకీ వేడిని త్వరగా మోసేది వెండి. ఉంగరం కింద పెట్టిన వేడి రాయికి చేరడానికి ఎంతసేపు? ఆపైన, చిన్ననాటి నుంచి చూసిన అలవాటు చొప్పున, పట్టుకారుతో ఉంగరాన్ని తీసి ఆమ్లంలో వేసేశాను. టప్‌మని చిన్న చప్పుడు. వెంటనే కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

ఆ వాసన ఏమిటో నాకంటె బాగా ఎవరికి తెలుసు? లాజురైట్ పంజరం ఆమ్లంలో విడిపోతే లోపలి గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువై బయటికి వస్తుంది. పరీక్షనాళికలో చిటికెడు పొడి వేసి పిల్లలకు వాసన చూపించేవాణ్ణి. బయటికి తీసేసరికి ఒక కొస నుంచి మూడోవంతు దూరంలో అడ్డంగా బీట, ఆ కొసన మెరుగంతా పోయి సున్నం రాసిన గోడలా ఉంది. అక్క చేతిలోకి తీసుకొని చూసి, "నాన్న దాచింది ఇదొక్కటే కదరా" అన్నది. అంతకంటె ఒక్క మాట కూడా అనలేదు. బండికి వెళ్ళిపోయింది.

మిగిలిన రెండు వంతులూ బాగానే ఉంది. నెల రోజులు దాని జోలికి పోలేదు. తరువాత దానిని నేనే సానపట్టి 10 మిల్లీమీటర్ల గుండ్రటి కాబొషాన్‌గా తీశాను. ఉంగరం మాత్రం చేయలేదు. ఉంగరం చేసి ఇవ్వడమే మొదటి పొరపాటని అప్పటికి నాకు తెలిసింది. ఇంట్లో పడే దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి స్ఫటికం జాతివి, గట్టిదనం 7. రోజూ గిన్నెలు తోమే చేతికి ఈ రాయి తొడిగితే రెండేళ్ళకు మెరుగు మాసిపోక తప్పదు. చింతపండు పులుసు, నిమ్మరసం సంగతి చెప్పనే అక్కర్లేదు. మెడలోకి పతకం, చెవులకు దుద్దులు, ఇవి ఈ రాయికి తగిన చోట్లు. ఉంగరమే కావాలంటే ఎప్పుడో పెళ్ళికో పేరంటానికో పెట్టుకొనేదిగా చేసుకోవాలి.

ఈసారి పొదిగిన తీరు చెప్తాను, ఎందుకంటే అసలు పొదగడం ఇదే. అడుగు రేకు మధ్యలో ముందే ఒక రంధ్రం కోసిపెట్టాను. దానివల్ల రెండు లాభాలు. గోడ సరిపోయిందో లేదో చూడటానికి రాయిని లోపల పెట్టినప్పుడు ఇరుక్కుంటే వెనుక నుంచి పుల్లతో నెట్టవచ్చు. రంధ్రం లేకపోతే రాయి కింద అడ్డంగా ఒక దారం వేసి పెట్టాలి, ఇరుక్కుంటే రెండు కొసలూ పట్టి లాగవచ్చు. రెండవ లాభం, రాయి ఒంటికి తగలాలని జ్యోతిష్కుడు చెప్పినవారికి ఆ కోరిక తీరుతుంది. కాకపోతే చెమట, సబ్బు నీరు లోపలికి చేరతాయి, స్నానానికి ముందు తీసి పెట్టాలి. రాయి లోతుగా దిగిపోతే కింద ఎత్తు పెట్టాలి. కొందరు రంపపు పొట్టు పోస్తారు, అది తడి పీల్చి ఉబ్బుతుంది. పలుచని ప్లాస్టిక్ బిళ్ళ కత్తిరించి పెట్టడం మేలు.

రాయిని కూర్చోబెట్టాక గోడను నొక్కడం. ఒక చోట మొదలుపెట్టి వరుసగా చుట్టూ నొక్కుకుంటూ పోతే మిగులు వెండి అంతా చివరికి తోసుకొనిపోయి, చీర కుచ్చెళ్ళలా ముడతపడుతుంది. కాబట్టి ముందు తూర్పున కొద్దిగా, వెంటనే దానికెదురుగా పడమర, తరువాత ఉత్తరం, దక్షిణం, ఆపైన మూలలు. ప్రతిసారీ కొద్దికొద్దిగానే. రాయి కదలడం మానేదాకా ఈ నాలుగు దిక్కుల ప్రదక్షిణ సాగాలి. చివరికి నున్నని ఉక్కు కడ్డీతో గోడ అంచును రాయి మీదికి దువ్వాలి. ఇక్కడ జాగ్రత్త. ఉక్కు ఈ రాయికంటె గట్టిది, చెయ్యి జారితే గీత పడ్డట్టే. రాయి మీద మధ్యభాగానికి కాగితపు టేపు అంటించుకొని పని చేయండి, నామోషీ పడకండి. నేను ఇప్పటికీ అంటిస్తాను.

పూర్తయిన తరువాత ఆవిరితోనూ, అల్ట్రాసోనిక్ యంత్రంలోనూ శుభ్రం చేయవద్దు. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సబ్బు, మెత్తని గుడ్డ, వెంటనే తుడిచి ఆరబెట్టడం. వెండి నల్లబడితే పొడిగుడ్డతో తుడవండి. మన ఇళ్ళలో వెండి అనగానే చింతపండు, విభూది చేతిలోకి వస్తాయి. అక్కకు పతకం ఇచ్చేటప్పుడు పెట్టెలో "చింతపండు వద్దు" అని పెద్ద అక్షరాలతో చీటీ వ్రాసి పెట్టాను. ఆమె చదివి, "నాకు చెప్తున్నావా, నీకు నువ్వు వ్రాసుకున్నావా" అన్నది. మెడలో వేసుకొన్నది. ఇప్పటికీ వేసుకొంటున్నది.

విరిగిన మూడోవంతు ముక్క మా విభాగంలో బీరువా రెండో అరలో అగ్గిపెట్టెలో ఉంది. ఒక వైపు నీలం, ఒక వైపు సున్నం. దాని ప్రక్కనే పింగాణీ పలక, ఒక సోడలైట్ ముక్క, రంగువేసిన హౌలైట్ ముక్క కూడా పెట్టాను. చూడదలచినవారు ఏ విభాగం వారైనా సరే, ప్రాక్టికల్స్ అయిపోయాక, మూడు గంటల తరువాత రావచ్చు. దూది, అసిటోన్ మాత్రం మీరే తెచ్చుకోండి.